గంట చెప్పేదాకా

నా చిన్నప్పుడు ఒక గురువారం, పగలు పదకొండుంపావుకు, మా బాయి మీది సైరన్ మోగింది. అది మోగవలసిన వేళ కాదు.

బెల్లంపల్లిలో పుట్టిన పిల్లలకు గడియారం చూడటం కంటే ముందే సైరన్ తెలుస్తుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, మూడు షిఫ్టులకు మూడు కూతలు. వాటిని బట్టే మా వాడలో పొయ్యిలు వెలిగేవి, నీళ్లు కాగేవి, పిల్లలు నిద్రపోయేవాళ్లు. ఆ మూడూ కాని వేళలో మోగితే దానికి ఒకటే అర్థం. బొగ్గు గనిని మేము బాయి అనే అంటాము, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాము. ఆ గురువారం మా బాపు ఆ బాయిలో ఉన్నాడు.

ఆనాటి సంగతి నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పవలసి రావడానికి కారణం ఒక ఫోను.

నా కొడుకు ఆరోగ్యం చెడి నౌకరి విడిచిపెడితే అది నా మనుమడికి వచ్చింది. శ్రీరాంపూర్ వైపు ఒక బాయిలో పని. లోపలికి దిగేముందు ఫోను పైనే పెట్టి దిగాలి. అందుకని డ్యూటీలో ఉన్నంతసేపు వాడిని ఎవరూ పలకరించలేరు. వాడే పైకి వచ్చి పలకరించాలి. పోయిన ఏడాది వాడు నాకు అద్దంలా మెరిసే పెద్ద ఫోను కొనిచ్చాడు. మొన్న ఎండల్లో ఒక మంగళవారం, ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు, ఆ ఫోనులో ఒక ఫొటో వచ్చింది. కూలిన పైకప్పు, స్ట్రెచర్, దుప్పటి కప్పిన మనిషి. కింద నా మనుమడు పనిచేసే బాయి పేరు. మా వాడ వాళ్ల గ్రూపులో ఎవరో పెట్టారు, వాళ్లకు ఇంకెవరో పంపారట. చూస్తుండగానే దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరుస కట్టాయి. ఇద్దరు పోయారని ఒకరు, ఐదుగురని ఇంకొకరు. నా కోడలు ఫోను పట్టుకుని గడప మీదే కూలబడింది. నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆ గురువారం బాయి గేటు ముందు నిలబడ్డప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మనుమడు రోజూ వచ్చే వేళకే వచ్చాడు. "అన్నం వండలేదా?" అని అడిగాడు. తర్వాత ఆ ఫొటోను నేను అద్దాలు పెట్టుకుని చూశాను. స్ట్రెచర్ వెనుక మంచు పట్టిన కొండలు కనబడ్డాయి.

మరునాడు పొద్దున పది దాటగానే బజారుకు వెళ్లి ఫోన్ల దుకాణం మెట్లెక్కాను. దుకాణాయన మంచివాడే, కానీ మాటకారి.

"అవ్వా, గిది తీస్కో. ఫొటోలు మంచిగొస్తయ్. సీరియల్లు సూడొచ్చు, భజనలు ఇనొచ్చు."

"నాకు ఫోను గావాలె బిడ్డా, టాకీసు గాదు."

"దీంట్ల అన్నీ ఉన్నయవ్వా!"

"గందుకే వద్దంటున్న."

అతను నవ్వి, లోపలి అర నుంచి బటన్ల ఫోన్లు మూడు తీసి ముందర పెట్టాడు. మాట్లాడటానికి, మెసేజ్ చూడటానికి తప్ప ఎందుకూ పనికిరావని ముందే చెప్పాడు. నేను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను. అద్దాలు తీసేసి, వేళ్లతో తడిమి, ఐదో నంబరు ఎక్కడుందో చూసుకున్నాను. ఒకదాని బటన్లు మరీ మెత్తగా ఉన్నాయి, నొక్కానో లేదో తెలియలేదు. దాన్ని పక్కన పెట్టాను. మిగిలిన రెండింటిలో నా సిమ్ము మార్చి మార్చి వేయించి, అతన్ని రోడ్డు అవతలికి పోయి ఫోను చెయ్యమన్నాను.

"గింత పరేషాన్ ఎందుకవ్వా, పెండ్లిపిలగాన్ని సూస్తున్నవా?" అని గొణుగుతూనే పోయాడు. ఒకటి కీచుమంది. రెండోది మోగితే పక్క చెప్పుల దుకాణం నుంచి ఇద్దరు తొంగి చూశారు. రెండోదాన్నే పట్టుకున్నాను.

"మెసేజ్ వస్తే గూడ సప్పుడు అయితదా?"

"అయితది."

"నేను వద్దన్నా ఫొటోలు వస్తయా?"

"కంపెనోళ్ల మెసేజులు వస్తయ్, ఫొటోలు రావు. గ్రూపులు లేవు. రేడియో ఉన్నది, టార్చి ఉన్నది."

"టార్చి ఉండనియ్. రేడియో తీసెయ్యరాదా?"

"అన్నీ తీసేస్తే గది ఫోను గాదవ్వా, సబ్బుబిళ్ల అయితది!"

నాకూ నవ్వు వచ్చింది. కానీ నా భయం అతనికి తెలియదు. నా మనుమడు బాయి నుంచి పైకి రాగానే ఒక అంకె పంపుతాడని, అది వచ్చినప్పుడు నేను పెరట్లో ఉన్నా వినబడాలని చెప్పాను.

"ఏ అంకె అవ్వా?"

"మూడు."

ఎందుకు మూడో అతను అడగలేదు. అడిగినా అంగట్లో నిలబడి చెప్పే మాట కాదు.

మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. బాయి నోటి దగ్గర గంట కొట్టే పని చేసి, కాలు దెబ్బతిని మానుకున్నాడు. మనుషులను కిందికి దించి పైకి తెచ్చే ఇనుప పంజరాన్ని కేజ్ అనేవారు. దాన్ని నడిపే మిషన్ దూరంగా, వేరే గదిలో ఉంటుంది. మిషన్ మీద కూర్చున్నవాడికి కేజ్ కనబడదు. కింద ఉన్నవాళ్లు తీగ లాగితే పైన గంట మోగుతుంది, పైనుంచి దించాలంటే బాయి నోటి దగ్గరివాడే కొడతాడు, ఆ దెబ్బలు విని అతను కేజ్‌ను కదిలిస్తాడు. తాత ఆ గంటను మాకు ఆటగా నేర్పాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని చేతికర్రతో తలుపు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలంటే కిందికి, మేము గొంతుకూర్చోవాలి. ఒకటంటే పైకి, లేచి నిలబడాలి. మూడంటే కేజ్‌లో మనుషులు ఎక్కారని, అందరం "మనుషులు!" అని అరవాలి. తప్పు చేసినవాళ్లు ఆట నుంచి తప్పుకోవాలి. నేను ఒక్కసారి కూడా తప్పుకోలేదు. ఆ ఆటలో మూడుకు మించి దెబ్బలు లేవు.

ఆ గురువారం సైరన్ మోగగానే మా అవ్వ నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. పొయ్యి మీద పప్పు అలాగే ఉంది. వాడ వాడంతా గేటు ముందుకు చేరింది. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు. ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ ఏదో ఒకటి చెబుతున్నారు. పైకప్పు కూలిందని ఒకరు. కాదు, నీళ్లు పడ్డాయని ఒకరు. నలుగురని, పదిమందని, షిఫ్టు మొత్తమని. ఆకుకూరలు అమ్మే ఒకామె గంపతోనే ఉరికొచ్చి, లోపల ఎవరో పేర్లు చదువుతుంటే విన్నానని, అందులో మా బాపు పేరు ఉందని చెప్పింది.

మా అవ్వ అరవలేదు. గేటు ఇనుప కమ్మీకి రెండు చేతులూ వేసి కొట్టుకుంది. గాజులు నా కాళ్ల దగ్గర రాలాయి. ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. నన్ను ఎవరూ పట్టుకోలేదు.

అప్పుడు తాత చెయ్యి నా భుజం మీద పడింది. ఆయన వెనుక ఆయన కోడలు ఉంది. నేను వదిన అని పిలిచేదాన్ని. తాత కొడుకు, మా బాపు ఒకే చోట పనిచేసేవాళ్లు. వదిన చేతులు రెండూ కొంగులో దాచుకుని నిలబడింది. తాత ఆమెతో ఒకే మాట అన్నాడు. "గంట ఇంక చెప్పలే. చెప్పేదాక ఎవ్వల మాటా ఇనకు."

తర్వాత నన్ను గేటు పక్క గోడ వెంట నడిపించుకుపోయాడు. కావలివాళ్లు పాత మనిషని ఆయనను ఆపలేదు. గోడ చివర నిలబడితే బాయి మీది పెద్ద చక్రం కనబడుతుంది, గంట వినబడుతుంది. ఆయన వంగి నాతో అన్నాడు:

"గా గంట పక్కన ఇన్నేండ్లు నిలబడి నా చెవులు మందగించినయ్ బిడ్డా. నువ్వు ఇని నాకు చెప్పు. ఆటల లెక్కనే."

"తప్పు జెప్తే?"

"తప్పు చెప్పవు. నోర్లు ఎన్నయినా అంటయ్. గంటకు మూడే మాటలొస్తయ్."

అంత భయం నేను మళ్లీ ఎరుగను. వెనుక అంతమంది ఏడుస్తున్నారు, ఆ ఏడుపు కింద నుంచి నేను గంటను ఏరుకోవాలి. ఊపిరి బిగబట్టాను. మూడు. ఆగి, రెండు. "మనుషులు, కిందికి" అన్నాను. "తీసుకొచ్చేటోళ్లు దిగిండ్రు," అన్నాడు తాత. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చక్రం కదలలేదు. ఎండ గోడ మీద నుంచి నా పాదాల మీదికి వచ్చింది. తాత చెయ్యి నా భుజం మీద బరువెక్కుతూ పోయింది.

మూడు. ఆగి, ఒకటి.

"మనుషులు, పైకి!"

చక్రం గిర్రున తిరిగింది. కేజ్ నుంచి దిగినవాళ్లందరి ముఖాలూ నల్లగా ఒకేలా ఉన్నాయి. వాళ్లలో మా బాపు లేడు. మళ్లీ మూడు, ఒకటి. మళ్లీ లేడు. మూడోసారి దిగినవాళ్లలో ఒక మనిషి కుడి భుజం వంచి నడుస్తున్నాడు. అలా నడిచేది మా బాపు ఒక్కడే. నేను "బాపూ" అని అరిచాను. ఆయన నా దగ్గరకు వచ్చాడు. తాతను చూశాడు. చూసి, తల దించుకుని గేటు వైపు పోయాడు. అక్కడ మా అవ్వ చేతులు చూసి, "నేను సచ్చిన్నని నీకెవలు చెప్పిండ్రే?" అన్నాడట. అవ్వ వెనక్కి తిరిగి వెతికింది. ఆకుకూరల ఆమె అప్పటికే గుంపులో కలిసిపోయింది.

నేను బాపు వెంట పోబోయాను. తాత నా భుజం వదలలేదు. "ఇంకొక్కసారి ఇను బిడ్డా," అన్నాడు.

మూడు. ఆగి, ఒకటి రావాలి. ఒకటి కొట్టారు. వెంటనే రెండోది పడింది. మూడోది. నాలుగోది. అక్కడ ఆగింది.

"నాలుగు తాతా. ఒకటి రావాల్సిన కాడ నాలుగొచ్చింది."

"మంచిగ ఇన్నవా?"

"ఇన్న."

"మూడు గాదు?"

"నాలుగు."

చక్రం కదిలింది, కానీ ఇందాకటిలా కాదు. దాని ఆకులను ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగినంత మెల్లగా తిరిగింది. నాలుగంటే ఏమిటని అడిగాను. తాత నా తల మీద చెయ్యి వేసి, "శాన మంచిగ ఇన్నవ్ బిడ్డా. మీ బాపు దగ్గరకు పో," అన్నాడు. ఆయన గొంతు మారలేదు. నేను పోయాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన వదిన వైపు నడుస్తున్నాడు, కర్రతో నేలను తడుముకుంటూ, చూపులేనివాడిలా.

నాలుగంటే మెల్లగా పైకి లేపమని. లోపల నిలబడలేని మనిషి ఉన్నాడని. చీకటి పడ్డాక మా బాపు చెప్పాడు, అప్పటికి పైకి రావలసింది తాత కొడుకు ఒక్కడే అని. గంట కొట్టే పనిలో ఉన్నన్నాళ్లూ తాత ఆ నాలుగు దెబ్బలు ఎన్నో సార్లు విని ఉంటాడు. పిల్లల ఆటలోకి మాత్రం రానివ్వలేదు. తన కొడుకు సంగతి గేటు దగ్గర ఎవరు చెప్పినా ఆయన నమ్మి ఉండేవాడు కాదు. నేను చెప్పిన అంకెను నమ్మాడు. ఆ రోజు నుంచి నేను ఏది లెక్కపెట్టినా రెండుసార్లు లెక్కపెడతాను. తేదీ, వారం, వేళ రాసిపెట్టుకుంటాను. నాది చాదస్తమంటారు. అననీ.

ఇప్పుడు నా బటన్ల ఫోను కిటికీ అరుగు మీద ఉంటుంది. షిఫ్టు విడిచే వేళకు నేను కొళాయి కట్టేస్తాను, కోడలు మిక్సీ ఆపుతుంది. ఫోను ఒకసారి మోగుతుంది, చిన్న తెర మీద 3 అని పడుతుంది. కోడలు బియ్యం కడుగుతుంది. ఒక్కోరోజు ఆలస్యమవుతుంది. అప్పుడు వాడవాళ్లు ఎవరైనా తమ పెద్ద ఫోను పట్టుకుని వస్తే, నేను తలుపు దగ్గరే ఆపి, "జర ఆగుండ్రి, మాకింక రాలే" అంటాను. ఆ కాసేపట్లో నాకు మళ్లీ తొమ్మిదేళ్లు.

"ఒకటి పంపితే సాలదా నానమ్మా? మూడే ఎందుకు?" అని మనుమడు అడిగాడు. మూడంటే మనుషులని చెప్పాను. వాడు ఆ ముచ్చటకు సంబరపడ్డాడు. ఆ తర్వాతి అంకె గురించి చెప్పలేదు. నేనూ వాడికి మూడు వరకే నేర్పాను.

ఆ గురువారం పోయినవి ఇవి. పుకారుకు, మా అవ్వ గాజులు పది. గంటకు, వదిన గాజులు పన్నెండు. మనిషి ఒకడు.