నన్ను మాన్పించిన నెల

పిల్లాడికి ఐదు నెలలు నిండిన రోజు పొద్దున్నే మా అత్తయ్య కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, ఇవాళ్టి నుంచి అలవాటు చెయ్యడం మొదలెడదాం అంది. దేనికి అలవాటు అని నేను అడగలేదు. వాడు పుట్టిన వారానికి తెనాలి నుంచి వచ్చిన మనిషి ఆవిడ. వీసా మీద ఇచ్చిన ఆరు నెలల గడువు ఇంకో నెలలో అయిపోతుంది. వెళ్తూ వెళ్తూ నా కొడుకుని కూడా తీసుకెళ్తుంది. నేను లేకుండా ఉండడం వాడు ఈ నెల రోజుల్లో నేర్చుకోవాలి. నేర్పాల్సింది నేను.

ఇంతదాకా ఎందుకొచ్చిందో చెప్తాను. మా ఆయన ఉద్యోగం శాంటా క్లారాలో, నాది అక్కణ్నుంచి మూడున్నర గంటల ఫ్లైట్ దూరంలో ఇర్వింగ్‌లో. ఆయనది మూణ్ణెల్లకోసారి పొడిగించే కాంట్రాక్టు, నాది కాస్త గట్టి ఉద్యోగం. రెండు వారాలకోసారి శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం ఫ్లైట్‌కి వెళ్ళిపోయేవాడు. అత్తయ్య ఉండగానే ఒకసారి ప్రయత్నించి చూద్దామని పిల్లాణ్ని డేకేర్‌లో వేశాం. రెండు వారాల్లో మూడుసార్లు జ్వరం. డేకేర్ వాళ్ళు ఫోన్ చేసిన ప్రతిసారీ ఆఫీసులో పని వదిలేసి కారెక్కేది నేనే, ఎందుకంటే అత్తయ్యకి డ్రైవింగ్ రాదు. లీవులన్నీ ప్రసవానికే అయిపోయాయి. మా మేనేజర్ చాలా మెత్తగా, కొంచెం ప్లాన్ చేసుకోండి అన్నాడు. ఈ దేశంలో అరిచేవాళ్ళకంటే మెత్తగా మాట్లాడేవాళ్ళకే ఎక్కువ భయపడాలి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజుల్లోనే అత్తయ్య, నేను తీసుకెళ్తానమ్మా, ఒక్క ఏడాది, అంది. మా ఆయన ఫోన్‌లో, చాలామంది పంపుతున్నారు కదా అన్నాడు. ఆ ఏడాది పద్ధెనిమిది నెలలైంది, అది తర్వాతి సంగతి.

ముందు నిద్ర సంగతి చూశాం. వాడికి నా భుజం మీద తప్ప నిద్ర పట్టేది కాదు. అత్తయ్య ఎత్తుకుంటే ఆవిడ మెడ దగ్గర ముక్కు పెట్టి, ఒకసారి వాసన చూసి, గుక్కపట్టి ఏడ్చేవాడు. మూడు రోజులు చూసి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. నేను అప్పుడే విడిచిన టీషర్టు అడిగి తీసుకుని నేతచీర మీద తొడుక్కుంది. ముందు వైపు మా కంపెనీ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్న నీలం టీషర్టు అది. పైట లోపలికి దోపి, అది వేసుకుని మా అత్తయ్య హాల్లో అటూ ఇటూ తిరుగుతూ జోకొడుతుంటే, నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. నేనింకా నవ్వుతుండగానే హాల్లో ఏడుపు ఆగింది. తొంగిచూస్తే వాడు నిద్రపోతున్నాడు. అంటే వాడికి కావలసింది నేను కాదు, నా చెమట వాసన. పది రోజులు పోయాక ఆవిడ ఆ టీషర్టు ఉతికేసింది. ఉతికింది వేసుకున్నా పడుకున్నాడు. ఆ తర్వాత అసలు వేసుకోకపోయినా పడుకున్నాడు.

బయటికి వెళ్ళేటప్పుడు ఇంకో పద్ధతి. అంతకుముందు మా షికార్లన్నీ ఒకే రకంగా ఉండేవి. శనివారం పొద్దున లాస్ కొలీనాస్‌లో కాలవ పక్కన నడక, ఎండ ఎక్కగానే ఏసీ కోసం మాల్‌లోకి దూరడం, తిరిగొస్తూ ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు. వాణ్ని క్యారియర్‌లో నా గుండెలకి కట్టుకుని తిరిగేదాన్ని. వాడు కాళ్ళూపుకుంటూ కనపడ్డ ప్రతి లైటునీ చూసేవాడు. అలవాటు చేయడం మొదలెట్టాక వాడు అత్తయ్య చంకకి మారాడు, నేను ట్రాలీ తోసుకుంటూ వెనక ఎక్కడో ఉండాలి. వాడి కంటపడకూడదని ఆజ్ఞ.

మొదటి శనివారం స్టోర్‌లో బెండకాయల దగ్గర వాడు నన్ను వెతికాడు. తల తిప్పి ఆకుకూరల వైపు చూశాడు, పాల ఫ్రిజ్ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. నేను బియ్యం బస్తాల వరుస వెనక్కి నక్కాను. అక్కడ పప్పులు చూస్తున్న ఒక ఆంటీ నన్ను చూసి ముచ్చటపడి, బాబుతో దాగుడుమూతలా అమ్మా అని అడిగింది. అవునండీ అన్నాను. దాగుడుమూతలైతే ఎప్పుడో ఒకప్పుడు దొరకాలి కదా, నేను దొరకలేదు. వాడి గొంతు సన్నగా మొదలై పెద్దదైంది, అత్తయ్య వాడికి బెండకాయ చేతికిచ్చింది, కాసేపటికి ఆ ఏడుపే అలిసిపోయి ఆగింది. నేను బస్తాలకి ఆనుకుని అది వింటున్నంతసేపూ, సోనామసూరి అన్న అక్షరాలు చదివిందే చదువుతున్నాను. కార్లో కూడా వాడికి కనపడను. పసిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి, నేనే డ్రైవ్ చేస్తున్నానని వాడికి తెలిసే అవకాశం లేదు.

రెండో శనివారం తక్కువ వెతికాడు. మూడో శనివారం ఒక్కసారి తల తిప్పాడు. నాలుగో శనివారం తిప్పలేదు. నేను బస్తాల వెనక నక్కాల్సిన పని లేకుండా, తోటకూర కట్టలు ఏరుకుంటూ మధ్యలోనే నిలబడ్డాను. "చూశావా అమ్మాయ్, అలవాటైపోయాడు," అంది అత్తయ్య, పరీక్ష పాసైన పిల్లాడి గురించి చెప్పినట్టు. ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదని తెలిసి మరీ వచ్చింది.

పాల సంగతి వేరు. వాడు మర్చిపోవడం నేర్చుకుంటున్నాడు గాని నా ఒంటికి ఎవరూ ఏమీ నేర్పలేదు. సీసా పాలకి మార్చిన రెండో రోజుకే రొమ్ములు రాళ్ళయ్యాయి. ఆన్‌లైన్ మీటింగ్‌లో ఎవరింట్లోనో పసిపిల్ల ఏడుపు వినపడితే చాలు, నా చొక్కా తడిసిపోయేది. కెమెరా ఆపేసి కూర్చునేదాన్ని. ఆ శుక్రవారం అత్తయ్య స్టోర్‌కి తీసుకెళ్ళమంది. శుక్రవారాలు అక్కడ కౌంటర్ పక్కన చిన్న ఫ్రిజ్‌లో మల్లెపూల మాలలు పెడతారు, గుడికెళ్ళేవాళ్ళు కొనుక్కుంటారు. ఆవిడ నాలుగు మూరలు తీసుకుంది. కౌంటర్ దగ్గరావిడ, ఇంట్లో ఏదైనా ఫంక్షనా అని అడిగింది. అత్తయ్య అవునంది.

ఇంటికొచ్చాక ఆ పూలు నా తలలో పెట్టలేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, రొమ్ముల మీద పూలు పరిచి, పాత పంచె గుడ్డతో చుట్టూ బిగించి కట్టింది. మల్లెపూలు కడితే పాలు ఇంకిపోతాయట, వాళ్ళమ్మ చెప్పిందట. నా పెళ్ళికి కూడా నేను అన్ని పూలు పెట్టుకోలేదు. పక్క గదిలో వాడు ఫ్యాన్‌తో కబుర్లాడుతున్నాడు. ఆ ఊఁ ఊఁ అన్న చప్పుడు వింటుంటే, కట్టిన గుడ్డ కింద పూలు తడవడం నాకు తెలుస్తోంది. అంతే, నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆరు నెలలుగా ఆవిడ చేసిన చాకిరీ అంతా ఒక్క నిమిషంలో మర్చిపోయి, నా బిడ్డని నా దగ్గర్నుంచి లాక్కోవడానికే వచ్చారు అన్నాను. ఇంకా అనకూడని మాటలు అన్నాను. ఆవిడ ముడి వేస్తూనే ఉంది. చివరికి ఊపిరాడక ఆగి అడిగాను.

"వాడికి అలవాటు చేశారు, సరే. నాకెవరు చేస్తారు అత్తయ్యా?"

ఆవిడ తలెత్తలేదు. "నీకు అవదమ్మాయ్," అంది. "వాడికైతే చాలు."

కాగితాల పని మధ్యమధ్యలో సాగుతూనే ఉంది. పాస్‌పోర్టు ఫోటోలో పిల్లాడు తప్ప ఇంకొకరి వేలు కూడా కనపడకూడదట. ఇంకా కూర్చోవడం రాని వాణ్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. అందుకని నేను తల మీదుగా తెల్ల దుప్పటి కప్పుకుని సోఫాలో కూర్చుంటే, అత్తయ్య వాణ్ని దుప్పటి మీద నా ఒళ్ళో పెట్టింది. లోపలి నుంచి వాడి నడుము పట్టుకున్నాను. పళ్ళెం మీద గరిటెతో కొట్టి వాడి కళ్ళు ఫోన్ వైపు తిప్పి ఆవిడ ఫోటో తీసింది. చాలా బాగా వచ్చింది. మా ఆయన అది చూసి, అమ్మా భలే తీశావే అన్నాడు.

వెళ్ళే ముందు శనివారం ఆయన వచ్చాడు, ఈసారి వాళ్ళని విమానం ఎక్కించేదాకా ఉండేట్టు. తల్లిదండ్రులు లేకుండా పిల్లాడు దేశం దాటుతున్నాడు కాబట్టి, మాకు సమ్మతమేనని రాసి నోటరీ ముందు సంతకాలు పెట్టించుకుంటే మంచిదని టికెట్లు బుక్ చేసినతను చెప్పాడు. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో పార్సిళ్ళు పంపే షాపులోనే ఒక మూల నోటరీ కూర్చుంటుంది. మా ముందు ఒకాయన సైజు సరిపోని బూట్లు వాపసు పంపుతున్నాడు. మా వంతు వచ్చాక ఆ పెద్దావిడ కాగితం చదివి, కళ్ళజోడు మీదుగా మమ్మల్ని చూసి, మీ ఇష్టంతోనే సంతకం పెడుతున్నారా, ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగింది. వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే మాటే అది. కానీ ఆ నెల మొత్తంలో నన్నా మాట అడిగింది ఆవిడ ఒక్కతే.

మా ఆయన యెస్ అన్నాడు. నేను వెంటనే అనలేకపోయాను. బలవంతం ఉందంటే ఎవరిదని చెప్పాలి? ఉద్యోగం మానేసి ఆయన మీద డిపెండెంట్‌గా శాంటా క్లారా వెళ్ళిపోవచ్చు కదా అని స్నేహితులు చాలామంది అడిగారు. ఆయన కాంట్రాక్టుకి నమ్మకం లేదు, ఇద్దరం రోడ్డున పడతాం అని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, కానీ మొత్తం నిజమూ కాదు. ఇంట్లో అందరితో పోట్లాడి చదివి, రెండుసార్లు లాటరీలో వీసా రాక ఏడ్చి, మూడోసారి వస్తే సంపాదించుకున్న ఉద్యోగం అది. దాన్ని వదలడం నాకిష్టం లేదు. ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇష్టంతోనే పెడుతున్నారా అంటే, ఆ ఒక్క ముక్క మేరకి, అవును. యెస్ అన్నాను. ఆవిడ స్టాంపు వేసి, బాబు ముద్దొస్తున్నాడు, అదృష్టవంతులు అంది.

వెళ్ళే రోజు ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేటప్పుడు నాలో నేను ఒక ఒప్పందం చేసుకున్నాను. వాడు ఏడిస్తే పంపను. సెక్యూరిటీ దగ్గర విడిపోయేటప్పుడు వాడు నాకోసం ఒక్కసారి ఏడిస్తే చాలు, వాణ్ని తీసుకుని వెనక్కి నడిచేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, వీసా పోతే పోనీ, అత్తయ్య ఒక్కతే వెళ్తే వెళ్ళనీ. నేను తీసుకోలేని నిర్ణయాన్ని ఆరు నెలల పసివాడి నెత్తిన పెట్టాను. సిగ్గనిపించలేదు. కార్లో వెళ్తున్నంతసేపూ, ఏడుస్తాడులే అనే అనుకున్నాను. ఎంత అలవాటైనా కన్నతల్లిని కదా.

అత్తయ్యకి మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంగ్లీషుకి భయపడి, తోసే మనిషే విమానం దాకా దారి చూపిస్తాడని వీల్‌చైర్ బుక్ చేశాం, మనవాళ్ళందరూ చేసే పనే. తోసే మనిషి తొందరలో ఉన్నాడు. అత్తయ్య ఒళ్ళో వాడు, కాళ్ళ దగ్గర సీసాల బ్యాగు. నేను వంగి ముద్దుపెట్టుకుంటే నా బుగ్గ తడి వాడి చేతికంటింది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుని చప్పరించాడు. అత్తయ్య నా గడ్డం పట్టుకుని, నా ప్రాణంలా చూసుకుంటానమ్మా అంటూ ఏడ్చింది. మా ఆయన గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. నా సంగతి చెప్పక్కర్లేదు. వాడొక్కడే ఏడవడం లేదు.

వీల్‌చైర్ కదిలింది. వాడు అత్తయ్య గాజులు లాగుతున్నాడు. లైను మలుపు దగ్గరికి వెళ్ళిపోయేసరికి నాకు భయం పట్టుకుంది, ఇక ఏడవడానికి టైం లేదని. పరుగెత్తుకెళ్ళి, అడ్డంగా కట్టిన పట్టీ పట్టుకుని, పాలిచ్చేటప్పుడు పిలిచే గొంతుతో "కన్నా" అని పిలిచాను. వాడు ఏడవాలనే పిలిచాను. నన్ను చూసి, నేను రావడం లేదని అర్థమై, గుండె పగిలేలా ఏడవాలని.

వాడు తల తిప్పాడు. నన్ను చూశాడు. కొంచెం నవ్వాడు. కొత్తవాళ్ళు పలకరిస్తే పిల్లలు సిగ్గుపడతారే, అలా నవ్వి, గభాలున వెనక్కి తిరిగి అత్తయ్య పైటలో మొహం దాచేసుకున్నాడు.

మా ఆయన వచ్చి నా పక్కన నిలబడి, నయం, ఏడవలేదు అన్నాడు. ఇంకోసారి పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.