ఆషాఢంలో డ్రైవ్‌వే

మా వీధిలో పగటిపూట కారు పెట్టాలంటే దానికి పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ల సంగతి చూసేది నేను. ఈ పని నేను అడిగి తెచ్చుకున్నది కాదు, జీతం లేదు, మానేస్తానంటే ఎవరూ వినరు.

న్యూజెర్సీలో, పిస్కాటవేకి దగ్గర్లో ఉన్న పాత పేట మాది. ఒకవైపు యూనివర్సిటీ, మరోవైపు రైల్వేస్టేషను. పొద్దున్నే రైలెక్కి న్యూయార్క్ పోయేవాళ్లు మా ఇళ్ల ముందు కార్లు వదిలేసి పోయేవారు. మిగిలిన జాగా విద్యార్థులు నింపేవారు. మేం కూరగాయలకు వెళ్లొస్తే తిరిగి కారు పెట్టుకునే చోటు ఉండేది కాదు. వీధివీధంతా మొరపెట్టుకోగా పట్టణం వాళ్లు చివరికి పర్మిట్లు పెట్టారు. సొంత కార్లకు ఇంటికి రెండు స్టిక్కర్లు. చుట్టాలు వస్తే వాడుకోవడానికి ఒక పాసుల పుస్తకం. ఒక్కో పాసు మీద ఆ రోజు తేదీ సిరాతో రాసి కారు అద్దం దగ్గర పెట్టాలి. మర్నాటికి అది చెల్లదు.

అయితే ప్రతి వీధికీ పార్కింగ్ ఆఫీసుతో మాట్లాడే మనిషి ఒకరు ఉండాలన్నారు. ఆ మాట వినగానే మీటింగులో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. రిటైరై కూతురి దగ్గర ఉంటున్నాను. పగలంతా ఇంట్లోనే ఉంటాను. పైగా జీవితమంతా దినపత్రికలో పనిచేశానని ఎప్పుడో నోరుజారి చెప్పి ఉన్నాను. పత్రికలో పనిచేసినవాడికి ఆఫీసులతో పోట్లాడటం వచ్చే ఉంటుందని వాళ్ల నమ్మకం. నేను చేసింది డెస్కులో కూర్చుని ఇతరుల వార్తలు దిద్దడమని చెప్పేలోపే మీటింగు ముగిసింది.

వరదలొచ్చిన రోజున కూడా మా డెస్కుకి ఇన్ని ఫోన్లు వచ్చేవి కావు.

"అంకుల్, ప్లేనో నుంచి మా బావమరిది ఫ్యామిలీ వస్తోంది, రెండు వ్యాన్లు. మీ పాసులేమైనా మిగిలాయా?"

"అంకుల్, ఎదురింటివాళ్ల బ్లూ కార్‌కి స్టిక్కర్ లేదు. మీరు చూశారా అసలు? ఎవరో ఒకరు రిపోర్ట్ చేయాలి కదా?"

ఈ రెండు ఫోన్లూ చేసింది ఒకే మనిషి, ఒకే వారంలో.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నన్ను నిజంగా ఏడిపించింది పక్కింటి వ్యవహారం.

పక్కింట్లో గుంటూరు నుంచి వచ్చిన దంపతులు కొడుకూ కోడలితో కలిసి ఉంటారు. పెద్దాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది, నేను అమ్మా అంటాను. పోయిన చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు స్వాధీనమయ్యాయి. మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా తెలుస్తుంది, జవాబు గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మంచినీళ్లు కావాలన్నా గ్లాసు వైపు చూపించాలి. ఒకప్పుడు బ్రాంచిలో తన గొంతు వీధిలోకి వినిపించేదని చెప్పుకున్న మనిషి అలా వేలు చూపిస్తుంటే అటువైపు చూడలేకపోయేవాణ్ణి.

మొదట ఒక అమెరికన్ స్పీచ్ థెరపిస్టు వచ్చింది. ఇంగ్లీషులో ఎంత బతిమాలినా ఆయన పెదవి కదలలేదు. తర్వాత వాకబు చేయగా ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి దొరికింది. చుట్టుపక్కల ఎక్కడా తెలుగులో ఈ పని చేయగలవాళ్లు ఇంకొకరు లేరు. ఆ అమ్మాయి తెలుగంతా వాళ్ల అమ్మ దగ్గర విని నేర్చుకున్నది. అందులో 'మీరు' అనే మాట లేదు.

"అంకుల్, నువ్వు లంచ్‌లో ఏం తిన్నావు? చెప్పు. నాకు హంగ్రీగా ఉంది, చెప్పు."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. గోడ దగ్గరకు వచ్చి నాతో మొరపెట్టుకుంది. "కట్టుకున్నదాన్ని, నేనే ఏనాడూ ఆయన్ని నువ్వు అనలేదు అన్నయ్యగారూ. ఈ పిల్ల చూస్తే మనవడితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది."

ఆ వారమే ఆయన ఆ అమ్మాయికి "పప్పు" అని జవాబు చెప్పారు. ఎన్నో నెలల తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి అర్థమున్న మాట అది. ఆ తర్వాత 'నువ్వు' సంగతి ఆవిడ ఎత్తలేదు.

అమ్మాయి వారానికి మూడుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక పాసు ఖర్చవుతుంది. పుస్తకం పలచబడుతుంటే ఆవిడకు దిగులు పట్టుకుంది. ఆవిడకు లామినేషన్ మీద అపారమైన నమ్మకం. ఆధార్ కార్డు, కొడుకు పదో తరగతి మార్కుల జాబితా, ఆఖరికి మందుల చీటీ కూడా ప్లాస్టిక్ తొడుగులో ఉంటాయి ఆ ఇంట్లో. ఒక పాసు తీసుకెళ్లి శుభ్రంగా లామినేట్ చేయించింది. థెరపీకి వాడే తెల్లబోర్డు మార్కర్‌తో ప్లాస్టిక్ మీద తేదీ రాయడం, అమ్మాయి వెళ్లిపోయాక కొంగుతో తుడవడం. కాగితం నలగదు, పుస్తకం తరగదు. నాకు ముక్క చెప్పలేదు.

తనిఖీకి వచ్చిన మనిషి ఒక రోజు అద్దంలోంచి చూసి, ఫోటో తీసుకుని పోయాడు. పాసు మార్చి వాడారు కాబట్టి ఏడాది చివరి దాకా ఆ ఇంటికి అతిథి పాసులు రద్దు అని కబురొచ్చింది.

ఆవిడను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. కిటికీ వెనక కూర్చున్న గుమస్తా ఆ ప్లాస్టిక్ ముక్కను రెండు వేళ్లతో మూల పట్టుకుని చూశాడు.

"దీన్ని ఆల్టర్ చేశారు సార్" అన్నాడు.

నేను తెలుగులో చెప్పేలోపే ఆవిడ అందుకుంది. "ఆల్టర్ ఏంటి? లామినేట్ చేశాం. చింపామా, పారేశామా? వాళ్లిచ్చిన కాగితాన్ని వాళ్లకన్నా భద్రంగా చూసుకున్నాం. చెప్పండి అన్నయ్యగారూ!"

చెప్పాను. గుమస్తా ఓపికగానే విన్నాడు. వైద్యం చేసేవాళ్లకు వేరే పర్మిట్ ఉందని, దానికి ఆ అమ్మాయి పనిచేసే సంస్థ దరఖాస్తు పెట్టాలని, జవాబు రావడానికి చాలా వారాలు పడుతుందని చెప్పాడు. ఈలోగా ఏం చేయమంటారని అడిగాను. స్టేషన్ పక్కన గరాజ్ ఉందన్నాడు. నేను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో.

నా పాసు ఇస్తానని అమ్మాయికి చెప్పాను. ఒప్పుకోలేదు. "నీ హౌస్ నంబర్ ఉంది అంకుల్ దాని మీద. నాకు లైసెన్స్ ఉంది, ఇలాంటివి చెయ్యలేను." తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "ఆంటీ, సారీ. స్టేషన్ గరాజ్‌లో పెట్టి వాక్ చేస్తే నా నెక్స్ట్ పేషంట్ లేట్ అవుతాడు. నెక్స్ట్ వీక్ నుంచి ఇక్కడ పార్కింగ్ లేకపోతే ఈ స్లాట్ వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేయాలి."

కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఈ మాటలన్నీ విన్నారు. ఆయన ముఖం చూసి నేను కళ్లు దించుకున్నాను.

చదువుతున్నవాళ్లకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. ఆ ఇంటికి డ్రైవ్‌వే లేదా అని. ఉంది. ఇంటి పక్కన ఒక్క కారు పట్టే సిమెంటు జాగా, సొంత స్థలం, పర్మిట్ అక్కర్లేదు. మా ఇంటికి అదీ లేదు. అయితే వాళ్ల డ్రైవ్‌వేలో కొత్త కారు ఉంది. దాన్ని ఎవరూ నడపరు.

కొడుకు ఎప్పుడో బుక్ చేసిన కారు. అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది, సరిగ్గా ఆషాఢంలో. శ్రావణం వచ్చి, గుళ్లో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేదాకా అది కదలడానికి వీల్లేదని ఆవిడ తేల్చేసింది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లతో, కింద కాగితపు చాపలతో, పెళ్లికూతురిలా ఆ కారు అక్కడే కూర్చుంది. కొడుకు అమ్మకు ఎదురు చెప్పడు. తన పాత కారులో ఆఫీస్‌కి వెళ్లిపోతాడు. ఇంటి గరాజ్‌లో పెట్టించమంటే, అందులో బియ్యం బస్తాల నుంచి ట్రెడ్‌మిల్ దాకా కారు తప్ప అన్నీ ఉన్నాయి.

నేను నచ్చజెప్పబోయాను.

"అమ్మా, ఆ కారు డీలర్ దగ్గర్నుంచి ఇంటికి వచ్చింది ఆషాఢంలోనే కదా. మరి అప్పుడు?"

"డీలర్ మనిషి నడుపుకొచ్చాడు. ఆ దోషం అతనిది."

"రోడ్డు మీదకు తీసి పెడితే చాలు. ప్రయాణమేం కాదు."

"మీరు పేపర్లో పనిచేశారు, మీకివేం పట్టవు. అసలే ఇంట్లో ఒకసారి దెబ్బ తగిలింది. మళ్లీ ఏదన్నా అయితే ఎవరిది పూచీ? మీదా?"

ఆవిడది మూఢనమ్మకం అని తేలిగ్గా తీసిపారేయగలిగితే నాకు ఇంత విసుగొచ్చేది కాదు. ఆవిడది భయం. అదే పెద్దాయన మాట కోసం పొద్దున్నే లేచి విష్ణుసహస్రనామం చదివేదీ ఆవిడే. ఒక చేత్తో తెచ్చుకుంటున్నదాన్ని రెండో చేత్తో తోసేస్తోందని ఎలా చెప్పాలి?

సోమవారం వచ్చింది. పెద్దాయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నారు. ఆ అమ్మాయి వచ్చే రోజున ఆయన బ్యాంకుకు వెళ్తున్నట్టు తయారవుతారు. ఏమవుతుందో చూద్దామని నేనూ వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాను. అమ్మాయి తెల్ల కారు వచ్చింది. వీధి చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి, మళ్లీ వచ్చింది. వీధిలో చోటు లేక కాదు. చోటు బోలెడంత ఉంది, ఆ కారుకు పర్మిట్ లేదు. పొద్దున రైలుకి వెళ్లేవాళ్ల బారి నుంచి మేం కష్టపడి కాపాడుకున్న ఖాళీ అంతా మా కళ్లముందే ఎండలో పడి ఉంది.

మూడోసారి తిరిగి వచ్చి అమ్మాయి వీధి మధ్యలో లైట్లు వెలిగించి కారు ఆపింది. అద్దం దించి కేకేసింది. "ఆంటీ, ఏం చెయ్యమంటావు? Should I just go?"

ఆవిడ గుమ్మంలో కొంగు నలుపుకుంటూ నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

పెద్దాయన లేచారు. చేతికర్ర పట్టుకుని మెట్లు దిగారు. నేను ఆసరా ఇవ్వబోతే వద్దని తలాడించారు. కొత్త కారు దగ్గరకు వెళ్లి దాని బానెట్ మీద కర్రతో కొట్టారు. మెల్లగా కాదు. ఆవిడ అయ్యో అంది.

"తి..." అన్నారు ఆయన. మెడ నరాలు ఉబ్బాయి. "తియ్."

"ఆషాఢమండీ" అందావిడ. ఆ గొంతులో పట్టు అప్పటికే సడలిపోయింది.

"తియ్యి!"

ఆవిడ లోపలికి వెళ్లి తాళం తెచ్చింది. నా చేతిలో పెడుతూ గబగబా చెప్పింది. "అన్నయ్యగారూ, వెనక్కి తీస్తే దోషం లేదు. ముందుకు నడిపితేనే ప్రయాణం. వెనక్కే తీసి, వెనక్కే తీసుకెళ్లి పెట్టండి. ఒక్క అడుగు కూడా ముందుకు పోనివ్వకండి."

ఈ శాస్త్రం ఎక్కడిదని నేను అడగలేదు. ప్లాస్టిక్ కవర్ మీద కూర్చుని, మెడ తిప్పి, నాకు తెలియని కారును డ్రైవ్‌వేలోంచి వెనక్కి తీశాను. వీధిలోకి వచ్చాక ఒక్కసారి ముందుకు పోనిస్తే సరిగ్గా సర్దుకునేది. గట్టు మీద నిలబడి ఆవిడ "వెనక్కి, వెనక్కి!" అని అరుస్తోంది. తెల్ల కారులో అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. నా మెడ పట్టేసింది. ఎలాగోలా వంకరగా గట్టు పక్కన ఆపి దిగాను. అమ్మాయి డ్రైవ్‌వేలోకి వచ్చి, సంచీ తీసుకుని పరుగెత్తింది.

"అంకుల్, ఏమన్నావు నువ్వు? అంత లౌడ్‌గా? మళ్లీ చెప్పు!"

కొత్త కారుకు ఇంకా స్టిక్కర్ రాలేదు. రిజిస్ట్రేషన్ పూర్తయితే గాని ఇవ్వరు. ఇదంతా తెలిసినవాణ్ణి కాబట్టి నేను మా వరండాలో కూర్చుని కాపలా కాశాను. మెడకు వేణ్ణీళ్ల గుడ్డ పెట్టుకుందామని లోపలికి వెళ్లి వచ్చేసరికి వైపర్ కింద టిక్కెట్టు ఉంది.

ఆవిడ నాకన్నా ముందే చూసి, తీసి పట్టుకుంది. ఇక మొదలవుతుందనుకున్నాను.

"చూశారా, గడప దాటిందో లేదో కాగితం తగిలించారు."

"అది ఆషాఢం వల్ల కాదమ్మా. స్టిక్కర్ లేనందుకు."

"ఏదైతేనేం" అంటూ ఆవిడ కిటికీ వైపు తల తిప్పింది. లోపల అమ్మాయి ఏదో అడుగుతోంది. ఆయన గొంతు విరిగి విరిగి వస్తోంది, ఆగుతోంది, మళ్లీ మొదటి అక్షరం నుంచి అందుకుంటోంది. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది.

తర్వాత టిక్కెట్టు మడిచి నా చేతిలో పెట్టింది. "బుధవారం ఆ పిల్ల మళ్లీ వస్తుంది. మీరు కాస్త ముందొచ్చి కారు తీసి పెట్టండి."

"అమ్మా, మళ్లీ టిక్కెట్టు వేస్తారు. వచ్చినప్పుడల్లా వేస్తారు."

"వెయ్యనివ్వండి" అని ఆవిడ అప్పటికే మెట్లెక్కుతోంది. "ఆయన మంచినీళ్లు అడుగుతున్నారు, ఇచ్చొస్తాను."