జెంబేకు సెగ పెట్టిన రోజు

పోయిన శుక్రవారం ఇక్కడ ఖతర్‌లో మా కోడలు నన్ను వెంటబెట్టుకుని ముషైరిబ్‌లో మెట్రో దిగి, పాత బజారు సందుల్లో ఉన్న ఒక వాద్యాల దుకాణానికి తీసుకువెళ్ళింది. ఈ మధ్య ఆమె వారానికోసారి జెంబే నేర్చుకుంటోంది. జెంబే అంటే పశ్చిమ ఆఫ్రికావాళ్ళు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని ఒట్టి చేతులతో వాయించే డోలు. సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఆమె సరదా. ఆమెకు నచ్చింది రంగులు పూసి, పూసలు కట్టింది. నేను దాన్ని పక్కన పెట్టించి, మూలనున్న రంగులేని దాన్ని దింపించి, ఒకే దుంగలో తొలిచిందా లేదా అని లోపల చెయ్యి పెట్టి తడిమి, మేక వెన్నుగీత తోలుకు సరిగ్గా నడుమన పోతోందా అని చూసి, నాలుగు దెబ్బలు వేసి, ఇది తీసుకో అమ్మా అన్నాను. మీకివన్నీ ఎలా తెలుసు మామయ్యా అని ఆ పిల్ల నోరు తెరిచింది. మెసయీద్‌లో పనిచేసినప్పుడు చూశానులే అని దాటేశాను. ఆమెకు చెప్పనిది, నా ఈడువాళ్ళు కాబట్టి మీకు చెప్పుకుంటాను.

అప్పట్లో నేను మెసయీద్‌లో కాంక్రీటు పోతకు చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ని. ఇది ఖతర్ అని ఎన్నిసార్లు రాసినా, మా అమ్మ లెక్కలో నేను దుబాయ్‌లోనే ఉండేవాణ్ణి. పనివాళ్ళ క్యాంపులో మా పక్క గదిలో సెనెగల్ దేశపు అన్న ఒకాయన ఉండేవాడు, వెల్డరు. చనిపోయిన తండ్రి వాయించిన జెంబేను వెంట తెచ్చుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మెస్సు వెనక నీడలో కూర్చుని వాయిస్తుంటే, అబ్బ, ఏం చేతులవి! నడుమన అరచెయ్యి వేస్తే గుమ్మనేది, అంచున వేళ్ళు వేస్తే టంగుమనేది, చెంపమీద కొట్టినట్టు చరిస్తే వెనక గోడ అదిరేది. అన్నానికి పోతున్నవాళ్ళం అన్నం మరిచి, చేతుల్లో పళ్ళేలతో అట్లాగే నిలబడిపోయేవాళ్ళం.

ఆయన పని మానుకుని ఇంటికి పోవడానికి పది రోజులుందనగా ఆగస్టు తేమకు తోలు మెత్తబడి జెంబే గొంతు బొంగురుపోయింది. తాళ్ళన్నీ బిగదీసి, మా గదిలో ఏసీ బాగుంటుందని నాకప్పగించి డ్యూటీకి పోయాడు. అప్పుడు నాకు పెద్ద తెలివి పుట్టింది. మా ఊళ్ళో డప్పులవాళ్ళు వాయించేముందు గడ్డిమంట వేసి తోలుకు సెగ చూపడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూడలేదు! చూడటమే గాని డప్పును ఏనాడూ ముట్టినవాణ్ణి కాను, ముట్టనిచ్చే ఇల్లు కాదు మాది. సాయంత్రం రేకుడబ్బాలో అట్టముక్కలు వెలిగించి జెంబేను దానిమీదకు వంచాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఫట్‌మని తోలు ఈ చివరినుంచి ఆ చివరికి చీలిపోయింది.

ఆయన వచ్చి చూశాడు. జెంబేను ఒళ్ళో పెట్టుకుని, చీలిక మీద వేలు నడిపించి, మాఫీ ముష్కిల్ భాయ్, పర్వాలేదు అన్నాడు. తిట్టినా బాగుండేది. తండ్రి డోలును మూగదాన్ని చేసి ఇంటికి పంపుతున్నానే అని నాకు ముద్ద దిగలేదు.

దాన్ని బాగుచెయ్యగలవాడు మా గదిలోనే ఉన్నాడని నాకు తెలుసు. మా ఊరివాడే, నాకంటే రెండేళ్ళు చిన్న. మా ఊళ్ళో పెళ్ళికీ చావుకూ డప్పు కొట్టే ఇల్లు వాళ్ళది. క్యాంపులో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఒకే గదిలో ఉంటూ కూడా నా గిన్నె, నా పొయ్యి వేరుగా పెట్టుకున్న ఘనుణ్ణి నేను. నీళ్ళ ట్యాంకు దగ్గర ఒంటరిగా దొరికితే సిగ్గు చంపుకుని అడిగాను. పట్టుకున్న బకెట్టు కింద పెట్టాడు.

"గా పని ఇడిశిపెట్టనీకే గింత దూరమొచ్చిన పటేలా. ఈడ ఎవ్వనికి తెల్వదు. గిప్పుడు నువ్వే బయట పెడ్తవా?"

నేను వెనుదిరిగాను. వెళ్ళిపోబోతుంటే వెనకనుంచి పిలిచాడు.

"ఆ అన్న మొఖం జూసి చేస్త. కని చెయ్యి నీదే. తోలు నువ్వే గీకాలె."

కసాయి దుకాణంలో అడిగి పచ్చి మేకతోలు తెచ్చాను. రెండు రోజులు నానబెట్టి, పలక మీద పరిచి బ్లేడుతో వెంట్రుక గీకుతుంటే ఆ కంపు భరించలేక ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాను. మావాడు గొంతుక్కూర్చుని, అట్ల కాదు, అడ్డం గీకకు, నిలువు గీకు అని గదమాయిస్తుంటే, చుట్టూ చేరినవాళ్ళకు సంగతి తెలియనే తెలిసిపోయింది. ఆయనిక దాచలేదు. ఇనుప కడియాల మధ్య తోలు బిగించి, ముగ్గురం కాళ్ళు తన్నిపెట్టి తాళ్ళు లాగాం. పని కాగానే సెనెగల్ అన్న పెద్ద పళ్ళెంలో చేపల అన్నం తెచ్చి మా నడుమ పెట్టాడు. వాళ్ళలో అందరిదీ ఒకే పళ్ళెం. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మావాడు చూడనే చూశాడు.

"వాసనొస్తున్నదా పటేలా? గిసొంటి చేత్తోనే మా నాయన మీ ఇంటి పెండ్లిలల్ల డప్పు గొట్టిండు."

మాట తెలియకపోయినా సెనెగల్ అన్న కూడా కలిశాడు, ముగ్గురం పడీపడీ నవ్వాం, ఒకే పళ్ళెంలో తిన్నాం. ఎండి బిగిసిన జెంబే శుక్రవారానికి మళ్ళీ పలికింది. దాని పక్కన మావాడు నూనెడబ్బా బోర్లించి రెండు పుల్లలతో మా ఊరి దరువు వేశాడు. ఏడుపొచ్చింది నాకు. సెనెగల్ అన్న ఇద్దరినీ కావలించుకుని, డోలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది! ఆ ఏడే నేనూ మావాడూ సెలవుమీద ఊరికి పోయాం. ఒకనాడు పొద్దున్నే ఆయన నన్ను చూడటానికి మా ఇంటికొచ్చి, వాళ్ళ నాయన నిలబడే చోటనే, గేటు అవతల నిలబడ్డాడు. లోపల మంచాలమీద మా పెదనాన్నలు కూర్చుని ఉన్నారు. లోపలికి రా, కూసో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా పెదనాన్న ముఖం చూశాను. మంచిదే, మళ్ళ కలుద్దాం అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. సెలవైపోయి క్యాంపుకొచ్చాక ఆయన మంచం వేరే గదిలోకి మారిపోయింది.

ఇప్పుడు మెసయీద్‌లో ఆ క్యాంపు లేదు. మొన్న మా అబ్బాయి బర్వా అల్ బరాహా చూపించాడు, వరుసలు వరుసలుగా పనివాళ్ళ ఇళ్ళు, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో పాట. మా ఊరూ మారింది, ఎవరూ ఎవరి గేటు అవతలా నిలబడటం లేదు. పోయినేడు ఆయన కూతురి పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను. ఆయనే ఎదురొచ్చి, నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, దగ్గరుండి తినిపించాడు. మా ఇంటికి మాత్రం ఆయన ఈనాటికీ రాలేదు. రమ్మని నేనూ అనలేదు, ఏ ముఖం పెట్టుకుని అనను?