అట్ట మీది నంబరు

మౌస్ నొక్కితే టక్కుమంది. ఒకప్పటి టెలిఫోన్ ఆపరేటర్ సుగుణక్క కూతురు పంపిన ఈమెయిల్‌లోని లింకు అది: "అమ్మ పాత ఫొటోలు, చూడండి." లింకు తెరుచుకుంది కాని, నేను రోజూ వాడే బ్రౌజర్‌లో కాదు, ఎన్నడూ ముట్టని ఇంకో బ్రౌజర్‌లో. అక్కడ నా ఖాతా లేదు, పాస్‌వర్డు అడిగింది. మెయిల్ ప్రోగ్రాం సెట్టింగులన్నీ వెతికాను. నా బ్రౌజర్‌లోనూ వెతికాను. తప్పెక్కడుందో అర్థం కాలేదు. గట్టిగా నొక్కితే మాట వింటుందేమోనని ఇంకోసారి గట్టిగా నొక్కాను. అప్పుడు నవ్వొచ్చింది. ఎనభైల మొదట్లో జహీరాబాద్‌లో నేను చేసిన పనీ ఇదే.

అప్పుడు నేను హైదరాబాద్ దినపత్రిక ఒకదానికి కొత్త విలేకరిని. అల్లం వ్యాపారి దుకాణంలో ఫోన్ ఎత్తి "పేపర్ ఆఫీసు కావాలక్కా" అంటే చాలు, ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ సుగుణక్క హైదరాబాద్‌కు ట్రంకు లైను కలిపేది. అటువైపు ఒకాయన "ఊ, ఊ" అంటూ రాసుకునేవాడు. కోహీర్ దగ్గర చెరుకు తోట తగలబడిందని చెప్పాను, పేపర్లో రాలేదు. హైవే మీద లారీలు నిలిచిపోయాయని చెప్పాను, రాలేదు. మూడో వార్తను రోడ్డు మీదివాళ్లకు కూడా వినబడేలా అరిచి చెప్పాను. అదీ రాలేదు. చివరికి పేపర్ వార్తల డెస్కు నుంచి కార్డు వచ్చింది: ఈ వారం కూడా వార్త అందకపోతే మరొకరిని చూసుకుంటాం. చెప్పింది నేను, రాసుకున్నది వాళ్లు. మరి అందనిది ఎవరికి?

కార్డు పట్టుకుని ఎక్స్ఛేంజికి పోయాను. సుగుణక్క తలకు హెడ్‌ఫోన్, చేతిలో తీగ, కళ్లు బోర్డు మీద.

"నువ్వేనా తమ్మీ, ఆ ఒర్రెటోనివి? నిన్న నా చెవులు గుయ్యిమన్నయి!"

"అక్కా, జర చెప్పు. నన్ను ఎవరికి కలుపుతున్నవ్?"

"పేపర్ ఆఫీసుకే. ఇగో, రాసి లేదా?"

బోర్డు పక్కన వేలాడే అట్టముక్క చూపించింది. 'పేపర్ ఆఫీసు' అన్న మాటకు ఎదురుగా ఒక నంబరు. నా చేతిలోని కార్డు మీద అచ్చయిన డెస్కు నంబరు వేరే.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నీకంటే ముందుగాల ఉన్నాయన. ప్రకటనల సెక్షన్‌ల ఆయన దోస్తు ఉంటుండె. వార్తలు గూడ ఆయననే రాసుకొని డెస్కుకు ఇస్తుండె."

ఆ దోస్తు బదిలీ అయ్యాడనీ, అతని స్థానంలో వచ్చిన గుమాస్తా నా చెరుకు మంటను ఎవరిదో ప్రకటన అనుకుని ట్రేలో పడేశాడనీ తర్వాత తెలిసింది.

"మరి నన్ను అడగలే ఎందుకక్కా?"

"నువ్వెందుకు అడగలే? ఇన్ని దినాలు ఫోన్‌ల ఒర్రుడే ఒర్రుడు. నడుమ నేనొకదాన్ని ఉన్న గద!"

కొత్త నంబరు చెప్పబోయాను. ఆమె రాసుకోలేదు, పెన్సిల్ నా చేతికిచ్చింది. "పాతది కొట్టేసి నువ్వే రాయి. రేపు నేను లేకున్నా, ఇంకెవ్వలు కూసున్నా గీ అట్టనే జూస్తరు." రాశాను. అక్కడి నుంచే డెస్కుకు కలిపింది, మూడు వార్తలూ మళ్లీ చెప్పాను. చెరుకు తోట వార్త రెండు రోజుల తర్వాత, నాలుగు లైన్లలో, వచ్చింది. వాళ్లు మరొకరిని చూసుకోలేదు.

ఆ తర్వాత ఏ దవాఖానాలో, ఏ కచేరీలో కాగితం దారి తప్పిందని ఎవరైనా నా దగ్గరికి వచ్చినా, పంపినవాణ్ణీ అందుకోవలసినవాణ్ణీ వదిలేసి నడుమ ఎవరున్నారని అడగడం అలవాటైంది. అయినా ఇవాళ గంటసేపు మరిచిపోయాను.

నడుమ ఉన్నది కంప్యూటరే. దాని సెట్టింగుల్లో, డిఫాల్ట్ యాప్‌లు అన్నచోట, వెబ్ బ్రౌజర్‌కు ఎదురుగా నేను పెట్టని పేరు ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఇప్పటికీ తెలియదు. దాన్ని తీసి నా బ్రౌజర్ పేరు ఎంచుకున్నాను. ఈసారి మెల్లగా నొక్కాను.

తెరుచుకున్న ఫొటోలో సుగుణక్క హెడ్‌ఫోన్‌తో, ఎవరి మాటకో నవ్వు ఆపుకుంటూ కూర్చుని ఉంది. బోర్డు పక్కన అట్టముక్క. ఫొటోను ఎంత పెద్దది చేసి చూసినా, దాని మీది రాత నాదో, నాకంటే ముందువాడిదో తేలలేదు.