పడవ అడుగున పాచి

మా తోడల్లుడికీ నాకూ ఒకే రకం ఇంజన్ పడవలు. ఇనుప రేకువి, ఒకే షెడ్డులో కట్టించినవి. ఇద్దరం భద్రాచలం రేవు నుంచి గోదావరి వెంట ఉన్న ఊళ్లకు మనుషుల్నీ మిర్చి బస్తాల్నీ చేరవేస్తాం. నాకు రెండు డబ్బాల డీజిల్ పట్టే దూరం అతను ఒకటిన్నర డబ్బాతో పోయి వచ్చేవాడు.

అది నాకు కడుపుమంట. "మా మరిది ఇంజన్ మంచిగ చూసుకుంటడు" అని నా భార్య అన్నప్పుడల్లా అన్నం సయించేది కాదు. చివరికి రేవులో ఒక మాట వదిలాను: "ఇంట్లనే అర డబ్బా పోసుకొని వస్తడు, ఈడ ఒకటిన్నర డబ్బా అని చూపిస్తడు." నలుగురూ నవ్వారు. ఆ మాట అతని చెవిన పడింది.

ఎండాకాలం నీళ్లు తగ్గాక అతను పడవను ఇసుక మీదకు లాగి పక్కకు వాల్చాడు. గుట్టు తెలుస్తుందని పోయాను. అడుగున పట్టిన పాచిని ఇనుప పట్టీతో గీకుతున్నాడు. గీకిన చోట సొట్టల్లో లప్పం నింపి, గరుకు కాగితంతో రుద్ది, రంగేస్తున్నాడు. ఆరిన చోట వేలు పెడితే జారిపోయింది.

"ఏందిది?" అన్నాను.

"ఫోన్‌ల చూసిన అన్నా. అడుగు నున్నగుంటే నీళ్లు పట్టి గుంజవు, ఇంజన్‌కు బరువు తగ్గుతది. నీది గూడ గీకుదామా?"

"నా పడవకేం రోగం లేదు" అని వచ్చేశాను.

మర్నాడు పొద్దున నడుము లోతు నీళ్లలో దిగి నా పడవ కింద తడిమాను. బొచ్చులా పాచి. దాని మధ్య, ఎప్పుడో నేనే వేయించిన రేకు మాసిక అంచు లేచి వేలు కోసింది. ఇన్నేళ్లూ ఇంత బరువు ఈడ్చానా అని సిగ్గేసింది. అతను లోడు మీద వెళ్లిన రోజు చూసి, పడవను ఇసుక మీదకు లాగించి ఒక్కడినే గీకాను. వెల్డింగ్ మనిషితో ఆ అంచు సాపు చేయించాను.

ఆ తర్వాతి ట్రిప్పు నుంచే డబ్బాలో డీజిల్ మిగిలింది. నా పడవ కదిలే తీరు చూసి అతను ఒడ్డు నుంచే అరిచాడు. "అన్నా, గీకినవ్ గదా!"

"ఇంజన్ బాగు చేయించిన" అన్నాను.

అతను నా వేలి కట్టు చూశాడు. "అవ్, గట్లనే అయ్యుంటది" అని నవ్వి నా పడవ తాడు అందుకున్నాడు. ఆ నవ్వులో ఎగతాళి ఉన్నా బాగుండేది. లేదు. అందుకు ఇంకా కుళ్లుకున్నాను.

ఆ వారంలోనే టీ బండి దగ్గర, అతను ఇంట్లో డీజిల్ పోసుకొస్తాడని నేను అన్నది అబద్ధమని అందరి ముందు ఒప్పుకున్నాను. ఇప్పుడు నెలకోసారి రెండు పడవల్నీ చెరోవైపు నుంచి ఇద్దరం కలిసే గీకుతాం. అతని వైపు రేకు నా వైపు కన్నా నున్నగా వస్తుంది. అతను బీడీకి లేచినప్పుడు నా వైపు మళ్లీ ఓసారి రుద్దుతాను.