ఖాదర్ మామ చోక్ క్లిప్పు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినదాన్ని. ఏది కదిలినా, దాన్ని కదిలించేది ఒకటి ఉంటుందని పరీక్షల్లో రాసి పాసైనదాన్ని. అందుకే ఆత్మకూరులో మా నాన్న షెడ్డులో ఆ పొద్దున జరిగింది జరిగినట్టే చెబుతాను.

రెండువేల నాలుగు, డిసెంబరు. ముందురోజు సాయంత్రమే కడప నుంచి బస్సు దిగాను, బీటెక్ మార్కుల లిస్టుతో, కిలో మైసూర్‌పాక్‌తో. ఒక్క సబ్జెక్టు మిగిలిపోయి సప్లిమెంటరీలో గట్టెక్కాను. అయితేనేం, మా రెండు వైపుల చుట్టాల్లోనూ డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. బస్సులో పక్క సీటావిడకు చెప్పాను. కండక్టరుకూ చెప్పాను.

నాన్న ఒక కారు బానెట్ కింద తలపెట్టి ఉన్నాడు. మార్కుల లిస్టును నూనె చేతులతో ముట్టకుండా, వంగి చూశాడు.

"శానా సంతోషం పాపా" అన్నాడు. వెంటనే ఇంజను వైపు తిరిగి, "ఖాదరుండింటే చెవి పెట్టి విని, దీన్ని దారికి తెచ్చేవాడు" అన్నాడు.

ఖాదర్ మామ నాన్నతో కలిసి పాతికేళ్లు ఆ షెడ్డు నడిపిన మనిషి. మూడు నెలల కిందటే పోయాడు. ఐదో తరగతి దాటలేదు. అయినా చిన్నప్పటి నుంచి నేను ఎన్ని మార్కులు తెచ్చినా, నాన్నకు ఆయన చేతి పని ముందు అవి తక్కువే. నన్ను ఎత్తుకుని ఊరంతా తిప్పిన మనిషే. దాచడమెందుకు, ఆయనంటే నాకు కుళ్లు. ఆయన పోయాక కూడా అది పోలేదు.

ఆ కారు బట్టల కొట్టు శెట్టిగారి పాత అంబాసిడర్. నల్లమల చలికి పొద్దున్నే స్టార్టవుతుంది, వెంటనే ఆగిపోతుంది. ఇంజను వేడెక్కేదాకా డ్యాష్‌బోర్డు మీది చోక్ నాబ్ సగం లాగి ఉంచాలి. అప్పుడే అది కాస్త వేగంగా తిరుగుతూ నిలబడుతుంది. ఈ బండిలో నాబ్‌ను ఇంజనుకు కలిపే కేబుల్ పట్టు అరిగిపోయి, నాబ్ లోపలికి జారిపోయేది. దానికి ఖాదర్ మామ చేసిన వైద్యం ఒక కొయ్య బట్టల క్లిప్పు. నాబ్ సగం లాగి, వెనక కడ్డీకి దాన్ని కరిపించేవాడు. అంతే.

"ఇంకా ఈ క్లిప్పేంది నాన్నా, సిగ్గులేకుండా! నేను పద్ధతి ప్రకారం చేస్తా" అన్నాను.

"చెయ్‌మ్మా. శెట్టి పొద్దున ఎనిమిదికి అహోబిలం పోవాలంటాండాడు. బండి నిలిచిపోతే నన్ను కాదు, నీ చదువును తిడతాడు" అని నవ్వాడు.

కేబుల్ బిగించాను. చల్లని ఇంజను వేగాన్ని నిలిపే ఫాస్ట్ ఐడిల్ స్క్రూ సరిచేశాను. క్లిప్పును మాత్రం ఇంటికి తీసుకెళ్లి నీళ్లు కాచే పొయ్యిలో వేశాను. నాన్నకు చెప్పలేదు. అది పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడి చూశాను.

పొద్దున షెడ్డు తాళం నేనే తీశాను. నాన్న నాబ్ లాగి స్టార్ట్ చేశాడు. నాబ్ జారింది, ఇంజను ఆగింది. మళ్లీ అంతే.

శెట్టిగారు అప్పటికే గేటు దగ్గర నిలబడి నాన్నను పిలిచాడు. "ఏమప్పా మద్దిలేటీ, ఇంట్లో ఇంజనీరును పెట్టుకొని గూడా నా బండి తోయించుకోవాల్నా?" అన్నాడు.

మూడోసారి స్టార్ట్ చేసి, నాన్న తలుపు వేసి నా పక్కకు వచ్చాడు. ఇద్దరం బానెట్ దగ్గరున్నాం. నాబ్ మళ్లీ జారింది, ఇంజను వణుకుతూ ఆగిపోబోతోంది. అప్పుడు నా కళ్లముందే, కార్బురేటర్ పక్కన, నాబ్ లాగితే కేబుల్ ఎత్తే లివర్ మెల్లగా లేచింది. సగం దాకా లేచి ఆగింది. ఇంజను చప్పుడు పెరిగి, నిలకడగా నిలిచింది.

నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. "ఇది ఖాదరు చెయ్యి పాపా" అన్నాడు. నా మార్కుల లిస్టు చూసినప్పుడు ఆ ముఖం అంతగా వెలగలేదు.

పరుగెత్తి తలుపు తీశాను. లోపల ఎవరూ లేరు. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి. నాబ్ సరిగ్గా సగం బయటికి వచ్చి ఉంది. దాని వెనక కడ్డీ మీద, క్లిప్పు కరిచే చోట, పైనొకటి కిందొకటి నల్లటి మచ్చలు. వేలితో ముట్టుకున్నాను. మసి. కాలిన కొయ్య వాసన.

నాన్న అడుగుల చప్పుడు వినబడింది. గబుక్కున చున్నీతో తుడిచేశాను.

"ఏముండాది పాపా?"

"ఏం లేదు నాన్నా. నేను బిగించిన కేబులే ఇప్పటికి పట్టుకునింది."

ఆ ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. "అట్లనా" అన్నాడు. తర్వాత నా తలమీద చెయ్యి పెట్టి, గేటు వైపు గట్టిగా అరిచాడు. "చూసినావా శెట్టీ! అది మా పాప చెయ్యి!"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఎదురుచూసిన మాట అది.

బండి అహోబిలం వెళ్లి క్షేమంగా వచ్చింది. చలికి కేబుల్ బిగుసుకుని నాబ్ నిలిచి ఉండొచ్చు. కానీ నిలవడం వేరు, బయటికి రావడం వేరు. ఎవరో లాగితే తప్ప ఆ లివర్ లేవదు. ఎన్నిసార్లు ఆలోచించినా లెక్క అక్కడే ఆగుతుంది. ఆ మసి ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు.

నాన్న ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ పొద్దున నేను చేసిన పని గురించే చెబుతాడు. నేను పక్కనే కూర్చుని వింటూ ఉంటాను.