రూలుకిచ్చిన పేరు

ఎవరికో ఘోరం జరిగి కొత్త చట్టమేదైనా వస్తుందంటే, దానికి ఆ మనిషి పేరే పెట్టాలని టీవీలో గట్టిగా వాదిస్తుంటారు. నేను లేచి టీవీ కట్టేస్తాను. ఇంట్లోవాళ్లు నన్ను విడ్డూరంగా చూస్తారు. చూడనీ. అలా పేరు పెడితే ఏమవుతుందో వాళ్లకేం తెలుసు, నా చెల్లెలికి తెలుసు.

నేనుండేది చోడవరం. చెల్లెలిది రావికమతం దగ్గర ఒక ఊరు. దాని కూతురు చోడవరంలో డిగ్రీ చదువుతూ రోజూ స్కూటీ మీద వచ్చి వెళ్లేది. మధ్యాహ్నం నా దగ్గరే అన్నం తినేది. కూరకి వంక పెట్టకుండా ఏనాడూ కంచం ముందు నుంచి లేచింది కాదు. చెరకు సీజన్‌లో ఒక సాయంత్రం, చీకటి పడే వేళకి, వాళ్ల ఊరి పొలిమేరలో టైరు పంక్చరైన చెరకు ట్రాక్టరొకటి రోడ్డు మీదే ఆగి ఉంది. దాని ట్రాలీ వెనక లైటు లేదు, ఎర్రగుడ్డ ముక్కయినా కట్టలేదు. పిల్ల నేరుగా వెళ్లి గుద్దుకుంది. ఇంతకంటే ఆ సంగతి రాయడం నా వల్ల కాదు.

దినవారాలు అయ్యాక ఊరి పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. దీపాలు పెట్టే వేళ దాటాక, వెనక లైటు లేని చెరకు బండి ఏదీ ఊరు దాటకూడదు. పొలిమేరలోనే ఆపేసి తెల్లారాక వదలాలి. మా వైపు ఇలాంటి కట్టుబాటుకి పోలీసులకంటే ఎక్కువ భయపడతారు. దానికి మా పిల్ల పేరు పెట్టారు. పేరు చెప్పి, పక్కన రూలు అని తగిలించేవారు. ఆ పేరు మాత్రం నేనిక్కడ రాయను. ఇప్పటికే నలిగింది చాలు.

మొదట్లో చెల్లెలు పొంగిపోయింది. ఆ పేరెత్తితే ఇదెక్కడ ఏడుస్తుందోనని ఇంట్లో మేమంతా నోళ్లు కట్టేసుకున్నాం. పిల్ల తండ్రి, మా మరిదైతే ఫొటో వైపు కూడా చూసేవాడు కాదు. వీధిలో మాత్రం పేరు వినబడుతూనే ఉండేది. "అప్పా, నా గుంట పేరు ఊరు ఊరంతా సెప్పుకుంటన్నారు" అని ఫోన్ చేసేది. అక్కని అప్ప అనీ, ఆడపిల్లని గుంట అనీ అంటాం మా వైపు. నాకూ బాగుందనిపించింది. పాపం, అదైనా మిగిలిందనుకున్నాను.

మరుసటి సీజన్‌కి ఆ పేరుకి తిట్లు తోడయ్యాయి. నరికిన చెరకు ఆలస్యమైతే ఎండి బరువు తగ్గిపోతుంది. ఫ్యాక్టరీ దగ్గర వరస తప్పితే మళ్లీ పడిగాపులు. అలాంటప్పుడు లైటు పాడైందని బండిని ఆపేస్తే రైతుకీ డ్రైవరుకీ కడుపు మండదా? మండుతుంది, కాదనను. కానీ మండినప్పుడల్లా వాళ్ల నోటికి దొరికింది మా పిల్లే. పిండిమర దగ్గర, బోరింగు దగ్గర, ఎక్కడ విన్నా ఆ పేరుకి ముందు ఒక బూతు. చెల్లెలు వింటూ నిలబడేది. వాళ్లని ఏమనగలదు?

ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. కిరాణా కొట్టు ముందు, చీడికాడ వైపు నుంచి వచ్చిన డ్రైవరొకడు టీ తాగుతూ ఆ పేరుని నానా మాటలూ అంటున్నాడు. చెల్లెలు చేతిలో చింతపండు పొట్లం పట్టుకుని వింటోంది. నాకు ఒళ్లు తెలియలేదు.

"నోరు పడిపోద్ది! సచ్చిపోయిన గుంటని పట్టుకుని ఏట్రా ఆ కూతలు?" అని మీదికెళ్లాను.

అతను గ్లాసు కింద పెట్టేశాడు. "గుంటేటమ్మా? మనిషి పేరా అది? నాను రూలు పేరనుకున్నాను తల్లీ."

అబద్ధమాడే మొహం కాదు. పక్కనున్నది ఆ పిల్ల తల్లి అని కొట్టతను చెప్పగానే చెల్లెలికి దండం పెట్టాడు. తిట్లు విని ఊరుకున్న మనిషి, ఆ దండం చూసి కొట్టు మెట్ల మీదే కూలబడిపోయింది.

మర్నాడు తనే పెద్దల దగ్గరికి వెళ్లింది. "రూలు ఉంచండి బాబూ, ఇంకో తల్లికి నా గతి వద్దు. నా గుంట పేరు నాకిచ్చీండి" అంది. వాళ్లు తలలూపారు. ఇకనుంచి లైటు రూలనే అనాలని మైకులో చెప్పించారు కూడా. అలవాటు పడిన నోళ్లు మైకు మాట వింటాయా?

ఈ ఏడు చెల్లెలి కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. పోయినవాళ్ల పేరు తరవాత పుట్టిన బిడ్డకి పెట్టుకోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. అదే పేరుతో మళ్లీ ఒకరిని ముద్దుగా పిలుచుకుంటే కడుపుకోత కాస్త చల్లారుతుందని నమ్మకం. "అత్తా, ఆడపడుచు పేరే పెట్టుకుందాం" అని కోడలు తనంతట తనే అంది. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి పరిచారు. పేరు రాయాల్సింది తండ్రే అయినా, వాడు ఉంగరం తీసి తల్లి చేతికిచ్చాడు. అందరం ఆ పేరు కోసమే చూస్తున్నాం. చెల్లెలు ఉంగరాన్ని బియ్యానికి ఆనించి అలాగే ఉండిపోయింది. చివరికి మా ఇళ్లలో ఎవరికీ లేని పేరొకటి రాసింది. మరిది లేచి బయటికి వెళ్లిపోయాడు.

భోజనాలయ్యాక పెరట్లో అడిగాను, ఎందుకే అలా చేశావని. మనవరాలిని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది.

"సీజనొస్తే తిడతారప్పా. ఈదిలో ఆడుకుంటన్నప్పుడు దీనికి ఇనపడదేటి?"

పిల్ల పోయిన రోజు కూడా నేను అంతలా ఏడవలేదు. ఆ పేరు ఇక మా ఇంట్లో ఎవరికీ ఉండదు.